జేజినాయన వెబ్లీ: కాల్చాలా, దాచిపెట్టాలా

మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న పంచాయితీ చేను గట్టు గురించో ఇంటి వాటా గురించో కాదు, జేజినాయన రివాల్వర్ గురించి. లైసెన్స్ నా పేరు మీదికి వచ్చింది కాబట్టి నిర్ణయం నీదే అంటారు అందరూ, అట్లని ఎవరూ గమ్మునుండరు. మా చిన్నాయన అయితే "కాల్చని తుపాకి ఏం తుపాకిరా, ఆరు తూటాలు ఏసి ఒకసారి కాల్చి సూడు, మీ జేజినాయన ఏం పట్టుకోని తిరిగినాడో నీకు అప్పుడు తెలుస్తాది" అంటాడు. మా చెల్లెలేమో దాన్ని పనిచేయకుండా చేయించి అద్దాల పెట్టెలో పెట్టెయ్ అన్నా, రెన్యువల్ గోల వదులుతాది అంటుంది. నేను రెండూ చెయ్యను అని తేల్చుకున్నా, ఎందుకో ఇక్కడ వివరంగా రాస్తా, మా వాళ్ళు కూడా చదువుతారు కదా.

ఇది బర్మింగ్‌హామ్‌లో వెబ్లీ అండ్ స్కాట్ వాళ్ళు చేసిన మార్క్ 4, .32 బోరు (బోరు అంటే గొట్టం లోపలి కొలత). వెబ్లీ అనగానే అందరూ పెద్ద మిలిటరీ రివాల్వర్ అనుకుంటారు, అది .455 బోరు మార్క్ 6, 1915లో బ్రిటిష్ సైన్యం తీసుకున్నది, మన దేశంలో ఆ బోరు నిషేధిత కేటగిరీ, మామూలు లైసెన్స్ మీద ఇయ్యరు. మాది చిన్నది. బ్యారెల్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే లాచ్‌ని బొటనవేలితో నొక్కి బ్యారెల్‌ని కిందికి వంచితే ముందరి భాగమంతా మడుచుకుంటుంది, తూటాలు పెట్టే సిలిండర్ నడిమధ్యనుంచి ఎక్స్‌ట్రాక్టర్ పైకి లేచి ఖాళీ కేసులన్నీ ఒక్కసారే బయటికి తోస్తుంది. ఆ కదలికలో ఉన్న నునుపు చూస్తే చేసినోళ్ళకి దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

తుపాకీతో పాటు దాని లైసెన్స్ బుక్కు కూడా మా దగ్గరుంది, నాకు అదీ అంతే ముఖ్యం. మొదటి పేజీల్లో మద్రాసు కాలం ముద్రలు, తర్వాత కర్నూలు రాజధానిగా ఉన్న 1953 నుంచి 1956 మధ్య ఆంధ్ర రాష్ట్రం ముద్ర, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్. 1878 ఆయుధాల చట్టం కింద మనోళ్ళకి తుపాకీ లైసెన్స్ దొరకడమే కష్టంగా ఉన్న కాలంలో తీసుకున్నాడు మా జేజినాయన. ఆదోని మార్కెట్‌లో పత్తి అమ్మి డబ్బుల సంచితో రాత్రిపూట బండి మీద వచ్చేవాడు, దారిలో భయం, అందుకని. సీమ అంటే తుపాకులు, బాంబులు అని బయటోళ్ళు అనేస్తారు గానీ, మా ఇంట్లో ఇది ఎవరి మీదా ఎత్తింది కాదు. చిన్నాయనకి గుర్తున్నంతలో శెనగ చేన్లో పడిన అడవి పందుల్ని బెదరగొట్టడానికి గాల్లోకి కాల్చినాడంట, అంతే.

కాల్చొచ్చా లేదా అన్నది మాటలతో తేలేది కాదు కాబట్టి పాత తుపాకులు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకుపోయినా. నేను చాచా అంటా, ఆయన బేటా అంటాడు. ముందు తెరిచి తూటాలు కూర్చునే ఆరు చాంబర్లూ ఖాళీయేనని తనూ చూసి నాకూ చూపించినాడు, ఆ తర్వాతే పని మొదలుపెట్టినాడు. బ్యారెల్ వెనక తెల్ల కాయితం ముక్క పెట్టి దాని మీద టార్చ్ కొట్టి ముందరనుంచి లోపలికి చూడమన్నాడు, గాడులు తిరుగుతా పోతాయి, వెలుగు మెరుస్తుంది, కానీ సిలిండర్ వైపు మొదట్లో ఆవగింజంత గుంటలు, నల్లగా. "ఇది ఎప్పుడో కాల్చి కడక్కుండా పెట్టేసిన గుర్తు బేటా" అన్నాడు. పాత తూటాల ప్రైమర్‌లో, అంటే తూటా వెనక నిప్పు రాజేసే చిన్న బిళ్ళలో, క్లోరేట్ ఉండేది, కాల్చినాక పొటాషియం క్లోరైడ్ అంటే ఒకరకం ఉప్పు మిగుల్తుంది, అది గాల్లో తేమని పీల్చి ఇనుముని తినేస్తుంది, నూనె పూస్తే ఆ ఉప్పు కరగదు, వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టి అప్పుడు నూనె పెట్టాలి. పందుల్ని బెదరగొట్టిన రాత్రి ఎవరికి గుర్తుంటుంది ఇదంతా.

తర్వాత లాచ్ మూసి బ్యారెల్‌ని పైకీ కిందికీ కదిపి చూసినాడు, ఇట్లాంటి మడత రివాల్వర్లలో బలమంతా ఆ లాచ్ మీదా ముందరి పిన్ను మీదా ఉంటుంది, అవి అరిగితే ప్రతి తూటాకీ వదులు పెరుగుతా పోతుంది. మాదాంట్లో కొంచెం ఆడుతోంది. ఇంక తూటాని వెనకనుంచి కొట్టే హ్యామర్ లాగి ట్రిగ్గర్ నొక్కి పట్టుకోని సిలిండర్‌ని పక్కకి తిప్పి చూసినాడు, చాంబర్ బ్యారెల్‌కి సరిగ్గా ఎదురు నిలబడకపోతే గుండు అంచుకి తగిలి సీసం చీలి పక్కకి ఎగురుతుంది, పక్కన నిలబడినోళ్ళకి తగలొచ్చు. అది బాగానే నిలబడింది. ఫ్రేమ్ మీద కిరీటం బొమ్మ, దాని కింద ఎన్‌పీ అన్న అక్షరాలు భూతద్దంతో చూపించినాడు, బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ వాళ్ళు పొగలేని తుపాకి మందుకి పరీక్ష చేసినామని 1954కి ముందు వేసిన గుర్తు. ఆయన చివరి మాట ఏందంటే, దీంట్లో పట్టే .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ తక్కువ ప్రెషర్ తూటానే, కాలుస్తాది, కానీ లాచ్ ఇంకా అరిగితే ఒరిజినల్ పార్టు యాడినుంచి తెస్తావు, ఇక్కడ చేయించి వేస్తే అది వెబ్లీ కాదు.

నాకు ఆ మాట తోనే సగం తేలిపోయింది. మిగతా సగం దాని పిడి చూసుకుంటే తేలింది. నల్ల పిడి మీద గళ్ళు ఒక వైపే అరిగి నున్నగా అయినాయి, బ్యారెల్ మూతి దగ్గర నీలి పూత పోయి తెల్ల ఇనుము కనిపిస్తుంది, తోలు సంచిలోంచి తీసి పెట్టి తీసి పెట్టి అట్లయింది. అంటే జేజినాయన దాన్ని మోసినాడు, ఏండ్ల తరబడి మోసినాడు, కాల్చింది తక్కువ. నేను పోయి ఆరు తూటాలు కాల్చినంత మాత్రాన ఆయన అనుభవం నాకేం వస్తుంది, ఆయన రాత్రి బండిలో కూర్చోని నడుముకి తగిలే ఆ బరువు, అదే కదా ఆయన అనుభవం. చిన్నాయనకి ఇది చెప్తే కోపంగా చూసినాడు గానీ కాదనలేదు.

కాల్చాలన్న సరదా తప్పు అనను. కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ ఇదే వెబ్లీ డిజైన్ మీద చేసిందే, అట్లనే మడుచుకుంటుంది, అదే తూటా. కాల్చాలంటే కొత్త ఇనుముది అది ఉన్నోళ్ళతో షూటింగ్ రేంజ్‌కి పోయి చూడొచ్చు. అంతేగానీ చేన్లో గాల్లోకి, పెండ్లిలో గాల్లోకి అంటే నేను ఒప్పుకోను, ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత అట్ల సంబరాల్లో కాల్చి జనం ప్రాణం మీదికి తెస్తే రెండేండ్ల దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా లేదా రెండూ. ఇంకో సంగతి, మా లైసెన్స్ ఏరియా ఆంధ్రప్రదేశ్ వరకే, 2014 విభజన తర్వాత తుంగభద్ర బ్రిడ్జి దాటి పుల్లూరు టోల్‌గేట్ కాడికి పోయినామంటే తెలంగాణ, కాబట్టి హైదరాబాద్ రేంజ్ అంటే ముందు కాయితాలు సరిచేసుకోవాల.

చెల్లెలు చెప్పిన దారి కూడా ఆలోచించినా. 2016 ఆర్మ్స్ రూల్స్‌లో డీయాక్టివేట్ చేయించే పద్ధతి ఉంది, కానీ చేయించినాక వెనక్కి రాదు, ఆ నునుపు కదలికంతా చచ్చిపోతుంది. పాతది కదా చట్టం వర్తించదేమో అని కూడా అడిగింది. రిపేరు చేసినా కాల్చడానికి పనికిరాని పాత ఆయుధాలకే 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో మినహాయింపు, మాది పనిచేస్తుంది. 1972 పురావస్తువుల చట్టానికి నూరేండ్లు నిండాల, దీనికి ఇంకా నిండలేదు. కాబట్టి లైసెన్స్ ఉండాల్సిందే, ఎలక్షన్లప్పుడు పోలీసులు అడిగితే స్టేషన్‌లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకోవాల్సిందే. వారసత్వం కింద నా పేరుకి మార్చుకునేటప్పుడు చిన్నాయన, చెల్లెలు అభ్యంతరం లేదని సంతకాలు పెట్టినారు, ఆ నమ్మకానికైనా నేను సరిగ్గా చూసుకోవాల.

చూసుకోవడం అంటే పెద్ద ఖర్చేం లేదు. తోలు సంచిలో పెట్టడం మానేసినా, తోలు తేమ పట్టుకుంటుంది, తోలుని పదును చేసేటప్పుడు వాడిన మందులు కూడా ఇనుముని తింటాయి, సంచిని వేరేగా దాచినా. కొబ్బరి నూనె పూసేవాళ్ళు ఇంట్లో, అది కొన్నాళ్ళకి జిగురు కట్టి లోపల స్ప్రింగుల్ని పట్టేస్తుంది, ఇప్పుడు కుట్టుమిషన్ నూనె, పల్చగా, గుడ్డతో. చేతి చెమట కూడా ఉప్పే కాబట్టి పట్టుకున్నాక తుడిచి పెడతా. మళ్ళీ నీలి పూత వేయించమని చానామంది చెప్తారు, వద్దు, వేయిస్తే ఆ మూతి దగ్గరి అరుగుదల పోతుంది. ఖాళీగా ట్రిగ్గర్ నొక్కి టకటకలాడించడం పిల్లలకి కాదు పెద్దోళ్ళకీ బంద్, హ్యామర్ ముక్కు విరిగితే మళ్ళీ దొరకదు.

దసరాకి ఆయుధ పూజ దగ్గర మా అమ్మతో కొంచెం గొడవైంది. ఏటా ఫ్రేమ్ మీద తడి పసుపు, కుంకుమ బొట్టు పెట్టి మూడు రోజులు అట్లనే ఉంచేవాళ్ళు, కుడి వైపు బొట్టు పడిన చోట గుండ్రంగా మచ్చ తేలి ఉంది, గోటితో తడిమితే గరుకుగా తగుల్తుంది. పూజ మానమని నేను చెప్పలేదు, చెప్పను. రివాల్వర్‌ని పట్టు గుడ్డలో పెట్టి ఆ గుడ్డకే బొట్టు పెట్టమన్నా. అమ్మ మొదట మూతి ముడుచుకుంది, తర్వాత లైసెన్స్ బుక్కు కూడా తెచ్చి పక్కన పెట్టి దానికీ ఒక బొట్టు పెట్టబోయింది, ఆ పాత కాయితానికి మాత్రం వద్దమ్మా అని బతిమాలినా, సరేలే అని అట్ట మీద ఒక పూవు పెట్టి ఊరుకుంది.