రొయ్యల తప్పేం లేదు

మొదటిసారి దద్దుర్లు లేచింది కార్తీకమాసంలో. మా ఇంట్లో నీచు ముట్టని నెల అది. అయినా అత్తయ్యగారు నేరం రొయ్యల మీదే మోపారు. "పోయిన నెల తిన్నదే ఇప్పుడు బయటపడుతోంది" అన్నారు.

అమలాపురం పక్క పల్లె మాది. ఇక్కడ ఒంటి మీద ఏం లేచినా రొయ్యలు, వంకాయ, గోంగూరే ముద్దాయిలు. ఒక్కోటీ మానేస్తూ చివరికి చారన్నం, బీరకాయ దగ్గర ఆగాను. వేపాకు నీళ్లు పోసుకున్నాను. గొంగళితో రుద్దితే పోతాయన్నారు, రుద్దినచోటల్లా ఇంకా లేచాయి. రూపాయి బిళ్లంత ఎర్రటి దద్దుర్లు సాయంత్రానికి మాయమయ్యేవి. మంచం ఎక్కగానే మళ్లీ దురద. మందుల షాపు బిళ్ల వేసుకుంటే ఆ పూట హాయి, మర్నాడు మామూలే.

రెండు నెలలయ్యాక కాకినాడలో చర్మం డాక్టరమ్మకి చూపించుకున్నాను. ఆవిడ బాల్‌పెన్నుతో ఒక దద్దురు చుట్టూ గుండ్రంగా గీశారు. "రేపు ఈ టైముకి ఇక్కడే ఉందో లేదో చూడమ్మా" అన్నారు. 24 గంటలు దాటినా కదలకుండా, నొప్పి పెట్టి, కమిలిన మచ్చ వదిలితే రక్తనాళాల వాపేమోనని చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలట. రాత్రంతా టెన్షన్. పొద్దున చూస్తే గుండ్రం ఖాళీ, దద్దురు వీపు మీదకి కాపురం మార్చింది.

ఆరు వారాలు దాటిన దద్దుర్లకి తిండి కారణం కావడం అరుదని అప్పుడే తెలిసింది. చాలామందిలో మన రోగనిరోధక శక్తే తప్పుదారి పట్టి, చర్మంలోని మాస్ట్ కణాలను రెచ్చగొట్టే యాంటీబాడీలను తయారుచేస్తుందట. ఆ కణాలు హిస్టమిన్ అనే దురద పుట్టించే రసాయనం వదలగానే దద్దురు లేస్తుంది. రక్తపరీక్షలో నాకు థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంది, థైరాయిడ్ మీద దాడి చేసే యాంటీ టీపీఓ అనే యాంటీబాడీ మాత్రం ఎక్కువుంది. "ఇదే కారణమని చెప్పలేను. దద్దుర్లున్నవాళ్లలో ఇది కాస్త ఎక్కువగా కనిపిస్తుంది, ఏడాదికోసారి చూపించుకో" అన్నారు. నడుంనొప్పికి నేను వేసుకుంటున్న డైక్లోఫెనాక్ మాత్రం ఆ రోజే మాన్పించారు, అలాంటి బిళ్లలు దద్దుర్లను పెంచుతాయట. పెదవులో నాలుకో వాచి ఊపిరి అందకపోతే ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి రమ్మని రెండుసార్లు చెప్పారు.

మందు మగత తక్కువుండే యాంటీహిస్టమిన్, దురద ఉన్నా లేకపోయినా రోజూ. ఒకటి చాలకపోతే రెండు చేశారు. డాక్టరు చెబితే నాలుగు దాకా పెంచవచ్చట. అప్పటికీ లొంగకపోతే నాలుగు వారాలకోసారి ఓమాలిజుమాబ్ ఇంజెక్షన్ ఉంది. నాకు అంతదాకా రాలేదు, దాని ఖరీదు విన్నాక దేవుడికి దండం పెట్టుకున్నాను.

పిల్లాడి పాత నోట్‌బుక్‌లో రోజూ దురదకి 3, దద్దుర్లకి 3 మార్కులకు లెక్క వేయమన్నారు. వారానికి మొత్తం 42. మొదటి వారం నాకు 31 వచ్చాయి, పరీక్షల్లో ఎప్పుడూ ఇన్ని తెచ్చుకోలేదు! మూడు నెలలకి 5కి దిగింది.

ఓ ఆదివారం ధైర్యం చేసి రొయ్యల వేపుడు తిన్నాను. ఆ రోజు దురద 1, దద్దుర్లు 0. నోట్‌బుక్ అత్తయ్యగారికి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని మరీ చూశారు.

"సర్లే. వంకాయ మాత్రం వద్దు" అన్నారు.