పెంకును తిప్పి చూస్తే

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఉన్న ఫీనిక్స్‌లో రోడ్డు కింద కొత్తగా పైపు వెయ్యాలంటే చాలా చోట్ల మాకంటే ముందు పురావస్తు వాళ్ళు దిగాలి. నేను సివిల్ ఇంజనీర్‌ని, మురుగునీటి లైన్ల పని నాది. మా షెడ్యూల్లో "ఆర్కియాలజీ" అని ఒక గడి ఉంటుంది, అది ఎంత సాగుతుందో ఎవరూ చెప్పలేరు. కొత్తలో ఆ గడి చూస్తేనే టెన్షన్. ఇప్పుడేమో ఆ రోజుల్లో సైటుకి వెళ్ళడానికి సాకులు వెతుక్కుంటున్నాను.

ఈ నగరం కింద హొహొకమ్ అనే పాతకాలపు స్థానిక జనం ఊళ్ళున్నాయి. క్రీస్తుశకం తొలి శతాబ్దాల నుంచి సుమారు 1450 దాకా సాల్ట్, హీలా నదుల పక్కన వాళ్ళు మొక్కజొన్న, చిక్కుళ్ళు, గుమ్మడి, పత్తి పండించారు. ఇనుము లేదు, ఎద్దు లేదు, బండి చక్రం లేదు. కర్రలతో, రాతి పనిముట్లతో తవ్విన కాలువలు మాత్రం అన్నీ కలిపితే వందల మైళ్ళు. 1867లో జాక్ స్విలింగ్ అనే ఆయన ఇక్కడ కాలువల కంపెనీ పెట్టినప్పుడు ఆ పాత కాలువల జాడల్నే వాడుకున్నాడు. పాత ఊరి మీద లేచిన ఊరని దీనికి ఫీనిక్స్ అని పేరు పెట్టారు.

తవ్వే యంత్రంతో (బ్యాక్‌హో) కందకం తీశాక పురావస్తు వాళ్ళు దాని గోడని తాపీతో నున్నగా చెక్కుతారు. అప్పుడు కాలువ అడ్డుకోత కనిపిస్తుంది: వంపు తిరిగిన అడుగు, అందులో ఇసుక పొర, ఒండ్రు పొర, మళ్ళీ ఇసుక. ఎప్పుడు నీళ్ళు జోరుగా పారాయో, ఎప్పుడు నిలిచిపోయాయో ఆ పొరలే చెబుతాయి. పక్కన నల్లటి మరక, కింద గట్టిగా మెత్తిన నేల ఉంటే అది ఇల్లు. హొహొకమ్ వాళ్ళు ఇళ్ళని నేలలోకి కాస్త తవ్వి కట్టుకునేవాళ్ళు.

నన్ను పట్టుకున్నది మాత్రం వాళ్ళ కుండ పెంకులే. లేత గోధుమరంగు మీద ఎర్ర గీతలు, వరసగా పక్షులు, బల్లులు, చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఆడే మనుషులు. నేను ఆ బొమ్మలు చూసి మురిసిపోతుంటే, అక్కడ పని చేసే ఆవిడ పెంకుని తిప్పేసి ముందు అంచు చూస్తుంది. విరిగిన అంచులో మెరిసే రేణువులుంటాయి. అది అభ్రకం ఉన్న రాతిపొడి, కాల్చేటప్పుడు కుండ పగలకుండా మట్టిలో కలిపేది. ఒక్కో చోట రాయీ ఇసకా ఒక్కో రకం కాబట్టి, కుండ ఏ వైపు నుంచి వచ్చిందో ఆ రేణువులే పట్టిస్తాయి.

అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో పురావస్తు పరిశోధకుడు డేవిడ్ ఎబట్ ఈ దారినే పోయి పెద్ద సంగతి తేల్చాడు. సుమారు వెయ్యో సంవత్సరం నాటికి సాల్ట్ నది ఊళ్ళలో వాడిన ఎర్రగీతల కుండలు దాదాపు అన్నీ దక్షిణాన హీలా నది పక్కన చేసినవే. కొద్దిమంది చేస్తుంటే వేలమంది వాడుకున్నారన్నమాట. బంతాటల మైదానాల దగ్గర జనం పోగైనప్పుడు ఈ కుండలు చేతులు మారేవని అతని వాదన. పదకొండో శతాబ్దం చివర్లో ఆ ఆటలు తగ్గిపోయాయి, కుండల రాకా తగ్గింది. సంత లేకుండా ఇంత సరుకు కదలదు కాబట్టి నాకైతే ఈ వాదన నచ్చింది.

పెంకు లోపలివైపు చిన్న చిన్న గుంటలుంటాయి. కుండ లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తట్టిన గుర్తులవి. తెనాలి దగ్గర మా ఊళ్ళో కుమ్మరి తాత సారె మీంచి దించిన పచ్చికుండ అడుగుని అచ్చం అలాగే తట్టి పెంచేవాడు. హొహొకమ్ వాళ్ళకి సారె లేదు, మొత్తం తట్టుడే. అంత పెద్ద జాడీలు అలా ఎలా నిలిపారో! ఫోన్లో చెబితే మా అమ్మ, "పెంకులు చూస్తే జీతమిస్తారటే?" అంది. "లేదమ్మా, వాళ్ళు చూస్తుంటే నాకిస్తారు" అన్నాను.

ఈ కుండల గురించి ఎక్కువగా తెలిసింది స్నేక్‌టౌన్ అనే పాత హొహొకమ్ ఊరి తవ్వకాల వల్ల. పురావస్తు శాస్త్రవేత్త ఎమిల్ హౌరీ అక్కడ 1934-35లో, మళ్ళీ 1964-65లో తవ్వాడు. రెండోసారి తవ్విన కూలీలు ఆ నేలవాళ్ళే, ఓధమ్ తెగ మనుషులు. హొహొకమ్ వాళ్ళని తమ పూర్వీకులుగా ఓధమ్‌లు చెప్పుకుంటారు. తవ్వకం అయ్యాక మొత్తం మళ్ళీ మట్టితో కప్పేశారు. ఆ చోటు హీలా రివర్ తెగ నేలలో ఉంది, సందర్శకుల్ని రానివ్వరు. నాకు అదే సబబనిపిస్తుంది. మా పనుల్లో కూడా మనిషి అస్థికలు బయటపడితే అక్కడ పని ఆపాలి, తెగలకి కబురు వెళ్ళాలి, 1990 నుంచి రాష్ట్ర చట్టమే అది. గడి సాగితే సాగనీ.

ఫీనిక్స్ వచ్చేవాళ్ళు ఎయిర్‌పోర్ట్ పక్కనే ఉన్న సెదవ్ వాకి మ్యూజియం చూడండి. పాత పేరు ప్వెబ్లో గ్రాండే. బయట మట్టి దిబ్బ, బంతాట మైదానం కూడా ఉన్నాయి. నేల మీద పెంకు కనిపిస్తే జేబులో వేసుకోకండి. ఇక మ్యూజియాలతో నా తగాదా ఒకటే: కుండని ఎప్పుడూ బొమ్మ వైపే పెడతారు. పక్కన ఒక్క విరిగిన పెంకుని బోర్లించి, దాని మీద ఒక భూతద్దం పెట్టొచ్చు కదా.