పువ్వు, ఆకు ఒకదాన్నొకటి చూడని మొక్క

ఆర్కిడ్ అనగానే చెట్టు కొమ్మను పట్టుకుని వేలాడే రంగురంగుల పూలగుత్తులే గుర్తుకొస్తాయి గాని, మన తూర్పు కనుమల్లో నేలలో దుంప దాచుకుని బతికే ఆర్కిడ్లు కూడా చాలా ఉన్నాయి. వాటిలో నా మనసును ఎక్కువగా పట్టుకున్నది నెర్విలియా.

ఒక ఆగస్టులో మారేడుమిల్లి దగ్గర వెదురు పొద కింద, కుళ్ళుతున్న ఆకుల మధ్య దాన్ని మొదటిసారి చూశాను. నేలలోంచి లేచిన ఒక కాడ, దాని మీద ఒకే ఒక ఆకు. తమలపాకును తలపించే ఆ ఆకులో, కాడ అంటుకున్న చోటు నుంచి అంచు దాకా ఈనెలు విసనకర్ర మడతల్లా విచ్చుకుని ఉన్నాయి. లాటిన్‌లో ఈనెను సూచించే నెర్వస్ అనే మాట నుంచే ఈ ప్రజాతికి ఆ పేరు వచ్చింది. ఇంకొన్నాళ్ళకు పూస్తుంది కదా అని అక్టోబరు చివర మళ్ళీ వెళితే, పువ్వు మాట అటుంచి, ఆకే పసుపుబారి నేలకు వాలిపోయి ఉంది.

నేను పొరబడింది వరుసలో. ఈ మొక్క ముందు పూస్తుంది, ఆ తరువాతే ఆకు వేస్తుంది. మరుసటి ఏడు తొలకరి పడిన వారం రోజులకు వెళితే, ఆకన్నది లేని నేలలోంచి జానెడు కాడ లేచి, ఆకుపచ్చ కలిసిన పసుపు పూలు తలవంచుకుని ఉన్నాయి. మోకాళ్ళ మీద వంగి చూస్తే గాని, పెదవిలా ముందుకు వచ్చిన రేక లోపలి సన్నని నూగు కనబడలేదు. కాయ కట్టాక ఆ కాడే ఇంకా పొడవు సాగి, ధూళి వంటి విత్తనాలను గాలికి అందేటంత ఎత్తుకు చేరుస్తుంది. ఆ పని ముగిశాకే దుంప నుంచి ఆకు పైకి వస్తుంది. వానాకాలమంతా ఆ ఒక్క ఆకే వచ్చే ఏటి తిండిని దుంపలో కూడబెడుతుంది.

విత్తనంలో మాత్రం నిలవ తిండి ఉండదు. నేలలోని ఒక రకం శిలీంధ్రం వచ్చి ఆహారం అందిస్తేనే అది మొలకెత్తుతుంది. ఆ శిలీంధ్రానికి నీడా తేమా రాలిన ఆకుల పొరా కావాలి. అందుకే దుంపను తవ్వి తెచ్చి కుండీలో పెట్టడం నాకు సుతరామూ నచ్చదు. అడవిలో ఎండుటాకులకు నిప్పు పెట్టడం అంతకన్నా పెద్ద దెబ్బ.

దుంపల నుంచి నేలలోపలే తీగలు పాకి, వాటి కొసన పిల్లదుంపలు పుడతాయి గనుక ఆకులు గుంపుగా కనబడతాయి. నిరుడు ఆగస్టులో ఆ పొద కింద 23 ఆకులు లెక్కపెట్టాను. ఈ జూన్‌లో అదే చోట పూసిన కాడలు రెండే.