తొమ్మిది పేర్ల చీటీ

యాడికన్నా పోవాలంటే మా ఇంట్లో చీటీ రాసేది నేనే. పోయిన డిసెంబరులో మా పద్నాలుగేండ్ల వాన్ని తీసుకుని ఒక్క రోజుకు కర్నూలు పోయిరావాలనుకున్నా. కొండారెడ్డి బురుజు, గోల్ గుమ్మజ్, జగన్నాథగట్టు, ఓర్వకల్లు రాళ్లు, బెలూం గుహలు, యాగంటి, మహానంది, మంత్రాలయం, అలంపురం అని రాసిపెట్టినా. అనంతపురంలో కూర్చుని చూస్తే ఇవన్నీ కర్నూలు పక్కనున్నట్లే ఉంటాయి.

మావాడు చీటీ చూసి, "ఇది టూరా మా, ఎలక్షన్ ప్రచారమా?" అన్నాడు. పేర్లన్నీ ఫోన్లో మ్యాపు మీద పెట్టి చూపించినాడు. మంత్రాలయం ఒక దిక్కు, మహానంది ఇంకో దిక్కు. బెలూం అయితే కర్నూలు నుంచి నూరు కిలోమీటర్ల పైనే. "ఇది మనకు తాడిపత్రి మీద పోతే దగ్గర. కర్నూలు పోయి మళ్లీ వెనక్కి వచ్చేదేంది?" అన్నాడు. నాకు కోపమొచ్చింది. వాడు చెప్పింది నిజమయ్యేసరికి ఇంకా ఎక్కువ వచ్చింది.

రెండు రోజులు అలిగి, చివరికి ఒప్పందానికొచ్చినాం: వాడు కోరింది ఒకటి, నేను కోరింది ఒకటి, టైముంటే మూడోది. వాడు బురుజు అన్నాడు. సినిమాల్లో చూసినాడు కదా, వీడియో తీసుకోవాలంట. నేను అలంపురం అన్నా. "ఇంకో గుడా?" అని మూతి ముడిచినాడు. అప్పుడు కందెన కథ చెప్పినా. అలంపురం గుళ్లకు రాళ్లు మోసే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఈ గట్టున ఆగి ఇరుసులకు కందెన వేసుకునేవంట. అట్ల కందెనవోలు, అదే కర్నూలయిందని చెబుతారు. "అంటే పాతకాలం సర్వీసింగ్ సెంటరా?" అన్నాడు. ఇంక గుడి మాట ఎత్తలేదు.

తెల్లారి నాలుగున్నరకు బస్సెక్కినాం. కర్నూల్లో దిగి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, ఎండ ముదరకముందే బురుజు చేరుకున్నాం. విజయనగర కాలపు కోటలో మిగిలిన ముక్క అది, ఊరి నడిమధ్యలో ట్రాఫిక్కంతా దాని చుట్టూనే తిరుగుతా ఉంటుంది. ఇక్కడినుంచి నది కిందుగా గద్వాల కోటదాకా సొరంగం ఉందని అందరూ చెప్పుకునే మాటే. నేను అట్లా అన్నానో లేదో, వీడు గద్వాల ఎంత దూరమో మ్యాపులో చూసి, "యాభై కిలోమీటర్లు! గాలి ఎట్ల ఆడుతుంది?" అని అరగంట అదే గోల. 1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 దాకా ఈ ఊరు ఆంధ్ర రాష్ట్ర రాజధాని, ఆఫీసులు గుడారాల్లో పెట్టినారు అని చెప్తే మాత్రం, "సోషల్ పరీక్ష అయిపోయింది మా" అన్నాడు.

హైదరాబాదు రోడ్డులో తుంగభద్ర వంతెన దాటితే తెలంగాణే. అలంపురం చౌరస్తాలో దిగి షేర్ ఆటో ఎక్కినాం. నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యులవి, క్రీస్తు శకం ఏడు, ఎనిమిదో శతాబ్దాల నాటివి. పేరుకు బ్రహ్మలే గానీ లోపలుండేవన్నీ శివలింగాలే. నేను జోగులాంబ దర్శనం చేసుకుని వచ్చేసరికి వీడు ఒక గుడి గోడ కాడ కూర్చుని, చెక్కడం మీద వేలు పెట్టి చూస్తా ఉన్నాడు. పిలవలేదు, నేనూ పక్కన కూర్చున్నా. ఆ గంటే నాకు ఎక్కువ గుర్తుంది.

మూడోది గోల్ గుమ్మజ్, గుమ్మటం ఉన్న పాతకాలపు గోరీ. కర్నూలు తిరిగొచ్చినాక హంద్రీ గట్టుకు ఆటో మాట్లాడుకున్నాం. దోవలో ఆటో ఆయన 2009 అక్టోబరు వరద మాట ఎత్తి, ఒక గోడను చూపించి, నీళ్లు ఇంతెత్తు అని చెయ్యి పైకి లేపినాడు. అప్పటికి మావాడు పుట్టనేలేదు. ఆ చెయ్యి ఎత్తును తలెత్తి చూసినాడు గానీ, ఏమీ అనలేదు.

తీరా గుమ్మజ్ కాడికి పోయేసరికి పొద్దు గుంకింది, బయటనుంచే చూసినాం. పైగా రిటర్న్ టికెట్లు వాని ఫోన్లో ఉన్నాయి, వీడియోలు తీసి తీసి ఫోన్ చచ్చిపోయింది. పవర్ బ్యాంకు చీటీలో రాయనిది నేనే. బస్టాండులో ఒక టీకొట్టాయన చార్జర్ ఇచ్చినాడు. పదినిమిషాల్లో మూడు శాతం ఎక్కింది, బస్సు కదిలే ముందర టికెట్లు కండక్టరుకు చూపించినాం.

నా చీటీ ఇప్పుడు వాని దగ్గరుంది. వెనకవైపు "బెలూం, తాడిపత్రి మీద, పవర్ బ్యాంకు" అని రాసిపెట్టుకున్నాడు.