ఎస్ ముందా, ఎస్ తర్వాతా?

లండన్‌లో పెద్ద వయసువాళ్లు ఉండే ఒక కేర్ హోమ్‌లో, వాళ్లని చూసుకునే కేరర్‌గా చేస్తున్నాను. మొదటి ఏడాది సంగతి ఇది. నైట్ డ్యూటీ దిగి, ఇంటికొచ్చి కళ్లు మూశానో లేదో ఫోను మోగింది. "రాత్రి మాత్రలు ఎంతమంది వద్దన్నారు?" అని పగటి షిఫ్ట్ నర్సు కంగారుగా అడిగింది. ఒక్కరే, ఏడో గదిలో మామ్మ అన్నాను. షిఫ్ట్ మారేటప్పుడు తర్వాతివాళ్లకి నేను రాసిపెట్టిన హ్యాండోవర్ కాగితం చూసి, ఆమె మా అంతస్తులో పద్నాలుగు మంది మందుల చార్టులూ తిరగేసిందట.

నేను రాసింది "రెసిడెంట్స్ టాబ్లెట్స్ రెఫ్యూజ్డ్" అని. రెసిడెంట్ అంటే హోమ్‌లో ఉండేవారు. నా మనసులో ఉన్నది ఒక్క రెసిడెంటే. చదివినవాళ్లకి మాత్రం అంతస్తంతా కనిపించింది. రెసిడెంట్స్ చివరి ఎస్ ముందు, పైన వేలాడే కామాలాంటి అపాస్ట్రఫీ ఒక్కటి పెట్టి ఉంటే ఆమెకి ఆ టెన్షన్ తప్పేది. ఆ రోజు నాకు మళ్లీ నిద్ర పట్టలేదు.

తెలుగులో ఈ చిక్కు లేదు. నర్సు గది అంటే ఒకామెది, నర్సుల గది అంటే అందరిదీ. చెవికే తెలిసిపోతుంది. ఇల్లు ఇంటి అవుతుంది, ఊరు ఊరి అవుతుంది, మాటే మారుతుంది. ఇంగ్లీషులో ఒక నర్సుదైనా, పదిమందిదైనా పలికేది "నర్సెస్" అనే. తేడా కాగితం మీదే.

అప్పట్నుంచి ఒక పద్ధతి పట్టుకున్నాను. ఎవరిదో ఆ మాట ముందు పూర్తిగా రాస్తాను, ఆ తర్వాతే గుర్తు. ఒక్కరిదైతే రెసిడెంట్ అని రాసి, గుర్తు పెట్టి, ఎస్. పలువురిదైతే రెసిడెంట్స్ అని ఎస్‌తో సహా రాశాక గుర్తు, ఇంకో ఎస్ అక్కర్లేదు. తెలుగులో అనుకున్నప్పుడు "ల" వినిపిస్తే ఎస్ తర్వాత గుర్తు అని మొదట్లో ఒక కొండగుర్తు పెట్టుకున్నాను కానీ, పిల్లల దగ్గర అది తప్పింది. చిల్డ్రన్ చివర ఎస్ లేదు కాబట్టి గుర్తు పెట్టాకే ఎస్ వస్తుంది. మెన్, విమెన్ కూడా అంతే. "ఇట్స్" దారి వేరు: "దాని" అనే అర్థంలో గుర్తు ఉండదు, "ఇట్ ఈజ్"ని కుదిస్తే ఉంటుంది.

బోర్డులు చూసి నేర్చుకుందామంటే కుదరదు. లండన్ మెట్రో రైలు పికడిలీ లైన్‌లో ఎర్ల్స్ కోర్ట్‌కి గుర్తు ఉంది, పక్క స్టేషన్ బారన్స్ కోర్ట్‌కి లేదు. వాటర్‌స్టోన్స్ పుస్తకాల షాపు 2012లో తన పేరులోంచి తీసేసింది. షాపు పేరు వాళ్లిష్టం. మందుల కాగితానికి ఆ వెసులుబాటు లేదు.

మొన్న కొత్తగా చేరిన గుంటూరు అమ్మాయి మా గది తలుపుకి అంటించడానికి "కేరర్స్ రూమ్" అని టైప్ చేస్తూ ఆగి, "అక్కా, ఎస్ ముందా, తర్వాతా?" అంది.

"ఈ గది ఎంతమందిది?"

"మన ఆరుగురిదీ."

ఎస్ కొట్టి, దాని పక్కన గుర్తు పెట్టింది.