రాత్రి 2 గంటలకు మళ్లీ అదే

ఎడమవైపు తిరిగి పడుకున్నా. గుండె ఒక్క క్షణం ఆగినట్టయి, ధబ్‌మని కొట్టుకుంది. అంతే, నిద్ర ఎగిరిపోయింది. చెయ్యి దానంతటదే నాడి మీదికి పోయింది.

ఈసీజీ తీసిన ప్రతిసారీ నార్మలే. తీసేది పది సెకన్లు, ఆ పది సెకన్లూ మహా బుద్ధిగా ఉంటుంది! చివరికి 24 గంటల హోల్టర్ పెట్టారు, అంటే రోజంతా ఒంటి మీదే ఉండి గుండె లయను రికార్డు చేసే చిన్న యంత్రం. చొక్కాలోంచి వైరు బయటికొస్తే కూరగాయల బండి అతను "ఏంటి సార్, ఛార్జింగా?" అన్నాడు.

ఎక్టోపిక్ బీట్స్ అట. గుండె ఆగడం కాదు, ఒక బీట్ తొందరపడి ముందే వచ్చేస్తుంది. తర్వాత చిన్న గ్యాప్, అందులో రక్తం కాస్త ఎక్కువ నిండుతుంది, అందుకే తర్వాతి బీట్ గట్టిగా తగులుతుంది. ఎకో (గుండె స్కానింగ్) బాగుంది కాబట్టి నా విషయంలో భయం లేదన్నారు డాక్టరుగారు. కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా మాత్రం ఆలస్యం చేయొద్దన్నారు.

నాకు అర్థమైంది. నా భయానికే ఇంకా అర్థం కాలేదు. టెన్షన్ పడితే అవి ఇంకా ఎక్కువవుతాయి, అదో తలనొప్పి. మా ఆవిడ నా స్మార్ట్‌వాచీ బీరువాలో పెట్టి తాళం వేసింది. సాయంత్రం టీ నేనే మానేశా (ఇదే అసలు బాధ).

నిన్న రాత్రి లేచి మంచినీళ్లు తాగి, ఫ్యాను చప్పుడు వింటూ పడుకున్నా. మూడింటికి ఇంకోటి వచ్చింది. నాడి చూసుకోలేదు. సరే, చూసుకున్నా. ఒక్కసారే.