నెల జీతం తెలిసిన కథానాయకులు

మా ఆవిడకు ఒక అలవాటు ఉంది. సినిమా మొదలై పది నిమిషాలు గడిచేసరికి నా వైపు కొద్దిగా వంగి, ‘ఏమండీ, ఇంతకీ ఇతను ఏం పని చేస్తాడు?’ అని అడుగుతుంది. పెళ్ళయిన కొత్తలో విజయవాడ గాంధీనగరంలో సెకండ్ షోకు తీసుకువెళ్ళిన మొదటి రాత్రి నుంచీ ఈ ప్రశ్న వింటూనే ఉన్నాను. అప్పట్లో నా దగ్గర జవాబు ఉండేది కాదు. కథానాయకుడు మోటారు సైకిలు మీద వచ్చేవాడు, పదిమందిని చితకబాదేవాడు, కాశ్మీరులో ఒక పాట పాడి తిరిగి వచ్చేవాడు. అతని ఇంటి అద్దె ఎవరు కడుతున్నారో, ఆ చొక్కాలు ఏ డబ్బుతో కుట్టించుకున్నాడో చెప్పవలసిన అవసరం ఉందని ఎవరికీ తోచేది కాదు. ఇటీవల చూసిన కొన్ని సినిమాలలో మాత్రం ఆవిడ అడిగేలోపే జవాబు తెర మీదికి వచ్చేస్తోంది. ఈ నాలుగు మాటలూ ఆ సంగతి గురించే.

నేను సినిమాలు విరివిగా చూసేవాణ్ణి కాను. కాని విజయవాడలో బ్యాంకు క్యాషియరుగా పనిచేసినవాడికి సినిమాతో సంబంధం లేకుండా ఉండదు. ఆంధ్ర ప్రాంతమంతటికీ సినిమాలు పంచే పంపిణీదారుల కార్యాలయాలు ఒకప్పుడు గాంధీనగరంలోనే బారులు తీరి ఉండేవి. సోమవారం ఉదయం కౌంటరు తెరిచీ తెరవకముందే థియేటర్ల గుమస్తాలు శని, ఆదివారాల వసూళ్ళను గుడ్డ సంచులలో తెచ్చి నా ముందు పెట్టేవారు. సంచి విప్పగానే, చెమటకు మెత్తబడిన రూపాయి, రెండు రూపాయలు, అయిదు రూపాయల నోట్లు ఎక్కువగా ఉంటే నేల, బెంచీ నిండాయనీ, అవి తగ్గిపోయి పది, ఇరవై నోట్లు మాత్రమే మిగిలితే బొమ్మ బాల్కనీ జనంతో నెట్టుకొస్తోందనీ నాకు అర్థమైపోయేది. ఏ సినిమా ఆడుతోందో పత్రికలకన్నా ముందుగా నా బొటనవేలికే తెలిసేది.

అందువల్లనే ‘లక్కీ భాస్కర్’ నన్ను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టింది. 2024 దీపావళికి విడుదలైన ఈ వెంకీ అట్లూరి చిత్రాన్ని మేము ఆలస్యంగా, ఇంట్లో, నెట్‌ఫ్లిక్స్‌లో చూశాము. దుల్కర్ సల్మాన్ ఇందులో బొంబాయిలోని మగధ బ్యాంకు అనే కల్పిత బ్యాంకులో క్యాషియరు. తన జీతం ఆరు వేల రూపాయలని అతనే చెబుతాడు. మా ఆవిడ ప్రశ్న అడగలేదు సరికదా, ‘ఆ రోజుల్లో మీకు ఎంత వచ్చేది?’ అని నా వైపు తిరిగింది. అందులో సగం కూడా నా చేతికి వచ్చేది కాదని ఆవిడకు నాకన్నా బాగా తెలుసు, అయినా అడిగింది.

ప్రమోషన్ తనకే వస్తుందని నమ్మి, రాలేదని తెలిసిన క్షణంలో భాస్కర్ ముఖం మీద దుల్కర్ చూపిన మార్పును మెచ్చుకోవాలి. అరవడు, బల్ల గుద్దడు. నవ్వబోయి ఆగిపోయినట్టు ఉంటుంది. అటువంటి ముఖాలను నేను మా బ్రాంచిలో చూశాను, ఒకసారి అద్దంలో కూడా చూశాను. ఆ తరువాత అతను బ్యాంకు నగదును బయటికి తీసుకువెళ్ళి తిరిగి పెట్టే ఘట్టాలు వచ్చినప్పుడు మాత్రం నా పరిస్థితి చిత్రంగా తయారైంది. స్ట్రాంగ్ రూముకు రెండు తాళంచెవులు ఉంటాయి. ఒకటి క్యాషియరు దగ్గర, రెండవది అధికారి దగ్గర ఉంటుంది, ఇద్దరూ కలిస్తేగాని తలుపు తెరుచుకోదు. ఆ రెండవ మనిషి కన్నుగప్పడం ఎంత కష్టమో తెలిసినవాణ్ణి కనుక, ఇంట్లో అందరూ భాస్కర్ పట్టుబడకూడదని కోరుకుంటుంటే నేను ఆ రెండవ తాళంచెవి పట్టుకున్నవాడి ఉద్యోగం ఏమవుతుందా అని బెంగపెట్టుకున్నాను. నోట్ల కట్టలు దగ్గరగా కనిపించినప్పుడల్లా వాటికి పిన్నులు ఉన్నాయా, కాగితపు పట్టీలు ఉన్నాయా అని వెతికాను. నోట్లకు పిన్నులు కొట్టవద్దని రిజర్వ్ బ్యాంకు గట్టిగా చెప్పింది 2001 చివరిలో. అంతకు ముందు వాటిని ఊడదీసి ఊడదీసి మా గోళ్ళ కింద రక్తం చిమ్మేది. నేను చూసేలోపే షాటు మారిపోయింది.

ఒక సాయంత్రం నా క్యాషు రెండు వందల రూపాయలు తక్కువ వచ్చింది. మూడుసార్లు లెక్కపెట్టాను, చెత్తబుట్ట బోర్లించాను, తడి స్పంజి గిన్నె కింద కూడా చూశాను. దొరకలేదు. రాత్రి ఎనిమిదింటికి ఆ మొత్తాన్ని నా జేబులోనుంచి కట్టి లెక్క సరిచేశాను; ఆ నెల పాలవాడికి బాకీ పెట్టవలసి వచ్చింది. భాస్కర్ లక్షలు తీసుకుని సోమవారానికి సర్దేస్తుంటే నాకు ఆ రెండు వందలే కళ్ళముందు ఆడాయి.

కథ రెండవ సగంలో స్టాక్ మార్కెట్టు కుంభకోణం వైపు మళ్ళుతుంది. పేర్లు మార్చినా అది 1992 ఏప్రిల్‌లో సుచేతా దలాల్ పత్రికలో రాయగా బయటపడిన షేర్ బ్రోకరు హర్షద్ మెహతా వ్యవహారమేనని అందరికీ తెలుస్తుంది. బ్యాంకులు ఒకదానికొకటి ప్రభుత్వ సెక్యూరిటీలను, అంటే ప్రభుత్వ రుణపత్రాలను అమ్మి, కొద్ది రోజులలో తిరిగి కొంటామని ఒప్పుకునేవి; ఆ పత్రాలను ప్రతిసారీ అటూ ఇటూ మోయడం ఎందుకని, వాటికి బదులుగా బ్యాంకు రసీదు ఇచ్చిపుచ్చుకునేవారు. వెనుక పత్రాలే లేకుండా ఒట్టి రసీదు పుట్టించగలిగితే, ఆ కాగితం మీద వచ్చిన డబ్బును షేర్లలో తిప్పవచ్చు. మోసమంతా ఈ సందులోనే ఉంది. ఇంత పొడి విషయాన్ని మా మనవడికి కూడా అర్థమయ్యేటట్టు చెప్పినందుకు దర్శకుణ్ణి అభినందించాలి. అయితే ఇంత చేసిన మనిషి పెద్దగా నష్టపోకుండా బయటపడడం నాకు మింగుడుపడలేదు. ‘సినిమాయే కదండీ, పోనివ్వండి’ అన్నది మా ఆవిడ. పాలవాడి బాకీ గుర్తుచేశాను. ఊరుకుంది.

‘35 చిన్న కథ కాదు’ సినిమాను ఆహాలో మనవడికోసం పెట్టాము, చివరికి మేమే కదలకుండా చూశాము. తిరుపతిలో జరిగే ఈ కథలో అరుణ్ అనే కుర్రవాడికి లెక్కలు రావు. రాకపోవడానికి కారణం మొద్దుతనం కాదు, సున్నా మీద అతనికి ఉన్న సందేహం. ఏ విలువా లేని సున్నా, ఒకటి అంకె పక్కన చేరగానే అది తొమ్మిదికన్నా పెద్దది ఎలా అవుతుందని అడుగుతాడు. పిల్లలను మార్కుల పేరుతో పిలిచే లెక్కల మాస్టారుగా ప్రియదర్శి నటించాడు. హాస్యానికి అలవాటుపడిన ఆ ముఖంలో అంత చల్లని కాఠిన్యం ఉంటుందని నేను ఊహించలేదు. పదవ తరగతి తప్పిన తల్లి, కొడుకుకోసం తానే లెక్కలు నేర్చుకోవడానికి కూర్చునే భాగమే ఈ సినిమాకు ప్రాణం. నివేదా థామస్ వంటింటి పనికీ నోటుపుస్తకానికీ మధ్య తిరుగుతుంటే, గృహిణిది కూడా ఒక ఉద్యోగమేనని ఎవరూ ఉపన్యాసం చెప్పనవసరం లేకుండా పోయింది.

సినిమా అయ్యాక మనవడు, ‘తాతయ్యా, నీకు ఆ సందేహం ఎప్పుడూ రాలేదా?’ అని అడిగాడు. రాలేదని చెప్పి, బీరువాలోనుంచి పాత చెక్కుబుక్కు తీసి చూపించాను. అంకె పక్కన ఒక సున్నా చేర్చడానికి చోటు వదిలితే పదిహేను వందలు పదిహేను వేలవుతాయనీ, అందుకే అంకె చివర గీత గీసి, అక్షరాలలో రాసిన మొత్తం పక్కన ‘మాత్రమే’ అని మూసివేస్తామనీ వివరించాను. విలువ లేని సున్నాకు ఇంత పెద్ద బ్యాంకు భయపడుతుందా అని వాడు చాలాసేపు నవ్వాడు. మా ఆవిడ చింతగింజలు తెచ్చి ఒకట్లు, పదులు వేరు చేసి చూపించింది కాని, వాడికి ఆ గీతే నచ్చింది. మరునాడు ఇంటిపనిలో ప్రతి జవాబు పక్కనా ‘మాత్రమే’ అని రాసి టీచరుతో చీవాట్లు తిన్నాడు.

‘కోర్ట్’ 2025 మార్చిలో వచ్చింది. నాని సమర్పణలో రామ్ జగదీష్ తీసిన ఈ సినిమాలో మళ్ళీ ప్రియదర్శియే. ఈసారి సీనియరు దగ్గర కాగితాలు మోస్తూ తన వంతు కోసం ఎదురుచూసే జూనియరు న్యాయవాది. విశాఖపట్నంలో 2013 నాటి కథ. పెద్ద కుటుంబపు అమ్మాయిని ప్రేమించిన పేదింటి కుర్రవాడి మీద పోక్సో కేసు పడుతుంది. 2012లో వచ్చిన ఆ చట్టం పద్దెనిమిదేళ్ళు నిండనివారిని కాపాడడానికి ఉద్దేశించినది. దానినే పగకు పనిముట్టు చేసుకుంటే ఏమవుతుందో ఈ సినిమా చూపిస్తుంది. అమ్మాయి బంధువు మంగపతి పాత్రలో శివాజీ కళ్ళతోనే హడలెత్తించాడు. అతను ఇంట్లోకి అడుగుపెట్టగానే ఆడవాళ్ళు కొంగులు సర్దుకోవడం, మాటలు ఆగిపోవడం వంటివి మనం పెరిగిన ఇళ్ళలో చూసినవే కనుక, మా ఆవిడ ఒకచోట తెలియకుండానే తన పమిట సరిచేసుకుంది. నేను చూశానని గ్రహించి టీవీ వైపు తల తిప్పుకుంది.

నాకు ఈ సినిమాతో ఉన్న తగాదా ఒక్కటే. ఒక దొంగ సంతకం చెక్కు కేసులో సాక్షిగా నేను మా ఊరి పాత కోర్టు భవనం వరండాలో చాలా రోజులు నిలబడ్డాను. 2022లో ప్రారంభమైన ఎనిమిది అంతస్తుల కొత్త సముదాయం అప్పటికి లేదు. పిలుపు వస్తుందని టీ కూడా తాగకుండా కూర్చుంటే, మధ్యాహ్నం మూడింటికి బంట్రోతు వచ్చి వాయిదా పడిందని చెప్పేవాడు. సినిమాలో వాదనలు పిడుగుల్లా పడతాయి, కాని ఆ వరండా కనిపించదు. లోపల కుర్రవాడు జైలులో ఉంటే బయట అతని తల్లిదండ్రులకు ఆ వాయిదాలే అసలు శిక్ష. దానికి పది నిమిషాలు ఇచ్చి, చివరి ఉపన్యాసంలో ఆ పది నిమిషాలూ తగ్గించి ఉంటే నేను ఇంకా సంతోషించేవాణ్ణి.

‘సంక్రాంతికి వస్తున్నాం’ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఇంటిల్లిపాదీ నవ్వాము, బుల్లిరాజు అనే ఆ పిల్లవాడి నోటికి కొంచెం బెదిరాము, చాలా ఏళ్ళ తరువాత రమణ గోగుల గొంతు విని ఆనందించాము, మరునాటికి కథ మరిచిపోయాము.

‘కుబేర’లో శేఖర్ కమ్ముల మా ఆవిడ ప్రశ్నకు ఎవరూ ఇవ్వని జవాబు ఇచ్చాడు: ధనుష్ బిచ్చగాడు. కోటీశ్వరులు తమ లంచపు సొమ్మును దాటించడానికి బిచ్చగాళ్ళ పేర్ల మీద కంపెనీలు, ఖాతాలు తెరిపించే కథ ఇది. మూడు గంటల నిడివి నా నడుముకు ఎక్కువే అయింది; నాగార్జున పాత్ర లోపలి తగవును ఇంకాస్త లోతుగా చూపవలసింది కూడా. అయినా ధనుష్ మనుషుల ముందు నిలబడే తీరు, భుజాలు ముడుచుకుని, తాను అడ్డుగా ఉన్నానేమో అన్నట్టు పక్కకు జరిగే తీరు నన్ను పింఛను రోజులకు తీసుకువెళ్ళింది. వేలిముద్ర వేయడానికి వచ్చిన ముసలివాళ్ళు కౌంటరు ముందు సరిగ్గా అలాగే నిలబడేవారు. ముద్ర సరిగా పడకపోతే నేను వేలు పట్టుకుని మళ్ళీ ఒత్తించేవాణ్ణి. పడనందుకు వాళ్ళే నాకు క్షమాపణ చెప్పేవారు. ఆ వేళ్ళ మీద గీతలన్నీ పనిలో అరిగిపోయి ఉండేవి.

‘లిటిల్ హార్ట్స్’ ఒక్కటే థియేటరులో చూశాము. ఎంసెట్‌లో సీటు తెచ్చుకోలేక లాంగ్ టర్మ్ కోచింగుకు వెళ్ళే కుర్రవాడి ప్రేమకథ అది. మౌళి మాట విరుపు బాగుంది, తండ్రిగా రాజీవ్ కనకాల ఇంకా బాగున్నాడు. గూడవల్లి నుంచి గుణదల దాకా ఇంటర్ కాలేజీల హాస్టళ్ళున్న ఊరిలో ఈ సినిమాను ఆదివారం మ్యాట్నీకి చూడడం వేరే అనుభవం. హాలు నిండా ఔటింగుకు వచ్చిన పిల్లలే. ర్యాంకు ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ వాళ్ళు పెట్టిన కేకలలో సగం నవ్వు, సగం కడుపుమంట. మా ముందు వరుసలో ఇద్దరు కుర్రవాళ్ళు మాత్రం తండ్రి తిట్టే సన్నివేశంలో నవ్వకుండా, ఒకే పాప్‌కార్న్ పొట్లంలో చేతులు పెట్టి అలాగే ఉండిపోయారు. హాలులో ఏసీ ఇంటర్వెల్‌కే ఆగిపోయింది; అడిగితే ‘ఇప్పుడే వేస్తాం సార్’ అన్నారు, వేయలేదు.

పోయిన ఆదివారం మనవడి పోరు పడలేక ఒక పెద్ద హీరో సినిమా పెట్టుకున్నాము. పేరు అనవసరం. ముందు బూటు కనిపించింది, తరువాత పొగ, తరువాత చేతి కడియం, ఎవరో ఇద్దరు గాలిలోకి లేచారు, అప్పటికిగాని ముఖం రాలేదు. మా ఆవిడ నోరు తెరవబోతుండగానే మనవడు అందుకున్నాడు.

‘అమ్మమ్మా, ఇతను ఏ పనీ చేయడు.’

‘మరి ఇంత హాయిగా ఎలా ఉన్నాడురా?’

వాడు ఆలోచనలో పడ్డాడు. ఆవిడే బీన్సు తుంచుతూ నా వైపు చూసి, ‘మీలాగే పింఛను వస్తోందేమో’ అన్నది.